అన్న ఎడమ కాలు

మా జీపు గేరు బాక్సు కాగిపోతోందని అందరికంటే ముందు తెలుసుకున్నది నా ముక్కే. 2012లో, దసరా వెళ్ళి పదిహేను రోజులై ఉంటుంది. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వైపు పోతున్నాం. జీపు వెనక మిల్లరు కట్టి ఉంది. మిల్లరంటే ఇంటి స్లాబులకు కంకర, ఇసుక, సిమెంటు కలిపే యంత్రం. దానికి చక్రాలుంటాయి కానీ తనంతట తాను నడవదు, ఏదో ఒక బండి లాక్కుపోవాలి. వెనక సీట్లలో ఎనిమిది మంది కూలీలు, ముందు నేను, స్టీరింగు దగ్గర మా అన్న. తాడ్వాయి దాటగానే మాడు వాసన వచ్చింది. బజ్జీల బండి మీద మూడు రోజులుగా మార్చకుండా కాచిన నూనె ఎలా కంపు కొడుతుందో అలా ఉంది.

"ఏందన్నా ఈ వాసన?" అన్నాను.

"నాకూ వస్తున్నది చెల్లె. జర పక్కకు ఆపి చూద్దామా?"

"ఆపుడు గీపుడు లేదు. ఎనిమిదింటికి ముహూర్తమట. ఇంటోళ్ళు కొబ్బరికాయ పట్టుకొని కూసున్నరు. తోలు."

అన్న తోలాడు. ఆ రోజు ఏమీ కాలేదు. స్లాబు పడింది, యాట మాంసం కూర తిన్నాం, ఇంటికొచ్చాం. అప్పుడే ఆపి చూసి ఉంటే తర్వాత జరిగినదేదీ జరిగేది కాదు. కానీ ఆ పొద్దున నాకు ముహూర్తం తప్ప ఇంకేమీ కనిపించలేదు.

మా ఆయన సెలవుకు వచ్చినప్పుడు ఆ జీపునూ మిల్లరునూ కొని, నా చేతిలో పెట్టి మళ్ళీ గల్ఫుకు పోయాడు. నాలుగు చక్రాలూ లాగే పాత జీపు అది. మనుషులను కూర్చోబెట్టుకుంటుంది, వెనక బరువు కడితే బురదలోనూ గుట్ట దారిలోనూ లాక్కుపోతుంది. స్లాబు పని ఒప్పుకోవడం, కూలీలను కూడగట్టడం, చెప్పిన పొద్దుకు చేరడం నా పని. ఆడమనిషి మాట మీద స్లాబు పెట్టుకుంటే ఆలస్యమవుతుందని ఎవరూ అనకూడదని నాకు ఒకటే పంతం. కోపం కూడా ఎక్కువే. మా అవ్వ, "దీనికి కోపం నా కడుపులనే పుట్టింది" అని నవ్వేది. నవ్వేంత చిన్న కోపం కాదని తర్వాత నాకే అర్థమైంది.

ఇక మా అన్న. నాకంటే ఆరేళ్ళు పెద్ద. తాడ్వాయిలో ఇల్లు, నీళ్ళు రాని బోరు, దాని కింద ఎండిన చెలక. తొమ్మిదేళ్ళు గల్ఫులో డ్రైవరు. అక్కడి షేకు పడవను పెద్ద ఫోర్ వీల్ బండి వెనక కట్టి సముద్రం దాకా లాక్కుపోవడం, మళ్ళీ ఇంటికి తేవడం అతని పని. ఒకసారి ఎడారి దారిలో బండి ఆగిపోయింది. రెండు రోజులు ఆ బండి నీడలోనే, నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ కూర్చున్నాడట. ఉన్న నీళ్ళు మొదటి రోజే అయిపోయాయి. ఎవరో చూసి బతికించారు. ఆ ఏడే ఇంటికొచ్చి, "ఇగ నన్ను ఆ దిక్కు పొమ్మనకుండ్రి" అన్నాడు. ఎవరూ పొమ్మనలేదు. మా జీపు ఉంది కాబట్టి పొమ్మనాల్సిన అవసరం రాలేదు. జీపు లేకపోతే మాత్రం అతనికి గల్ఫు తప్ప ఇంకో దారి లేదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, అందరికంటే నాకు బాగా తెలుసు.

అన్న తన సీటు పక్కన ఎప్పుడూ రెండు నీళ్ళ సీసాలు పెట్టుకునేవాడు. తాగినా తాగకపోయినా రెండూ నిండుగా ఉండాలి. ఇంకో అలవాటు, బండి ఎక్కేముందు చెప్పులు విప్పి సీటు కింద పెట్టేవాడు. అన్నం పెట్టేదాన్ని చెప్పుకాలితో తొక్కకూడదంటాడు. చలికాలమైనా వానకాలమైనా వట్టి కాళ్ళతోనే తోలేవాడు. ఆ అలవాటు చూసి కూలీలు కూడా జీపు ఎక్కేటప్పుడు కంకర మోసే గమేళాలకు దండం పెట్టుకోవడం మొదలుపెట్టారు. నేను నవ్వేదాన్ని.

అలాగని నాకు భక్తి లేదని కాదు. ఆ దసరాకు జీపును నేనే తయారు చేశాను. వానకాలం బురదంతా గీకి, కడిగి, ఆరబెట్టి, రెండు పూతలు నల్ల రంగు పూశాను. పైపైన పూసి మమ అనిపించే మనిషిని కాను. కాళ్ళ కింది రేకు పలకలు కూడా విప్పించి, లోపల తుప్పు పట్టేదంతా రంగుతో కప్పేశాను. ఒక పూత ఆరాక దాని మీద ఇంకొకటి. పండగనాడు ప్రతి భాగానికీ పసుపు రాసి బొట్టు పెట్టాను. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు.

ఆ మాడు వాసన మళ్ళీ మళ్ళీ వచ్చింది. వెనక మిల్లరు లేకుండా పోతే ఏమీ ఉండదు. మిల్లరు కట్టి ఎత్తు ఎక్కితే చాలు, వస్తుంది. గేరు మారేటప్పుడు కిర్రుమని చప్పుడు కూడా మొదలైంది. అన్న ఒకసారి గేరు నూనె చూసి, తక్కువుంటే పోశాడు.

"పోసిన నూనె యాడికి పోతున్నదో తెల్వదు చెల్లె. కింద రెండు మూడు చుక్కలకంటే ఎక్కువ పడుతలేదు. కాళ్ళ కింద రేకు మస్తు కాలుతున్నది. ఉస్తాదుకు చూపిద్దాం" అన్నాడు.

కామారెడ్డిలో మా మెకానిక్‌ను అందరూ ఉస్తాదు అంటారు.

"ఇంజను ఉన్నకాడ కాలక చల్లగ ఉంటదా? ఇంకా నాలుగు స్లాబులు ఒప్పుకున్నం. అవి అయినంక చూపిద్దాం" అన్నాను.

నాలుగింటిలో మూడు అయ్యాయి. నాలుగోది ఎల్లారెడ్డికి ఇవతల ఒక పల్లెలో. నవంబరు చివర. ఆ ఇంటామె ఒంటరిగా కట్టుకుంటున్న ఇల్లు. ముందు రోజు మూడుసార్లు ఫోను చేసి, "పొద్దుగాలనే వస్తరు గదా" అని అడిగింది. "నేను మాటిచ్చిన" అన్నాను.

లింగంపేట దాటాక ఒక ఎత్తుంది. అక్కడ వాసన కాదు, పొగే వచ్చింది. అన్న రెండో గేరులో ఉన్నాడు. ఇంజను గొంతు చించుకుంటోంది, జీపు మాత్రం కదలడం లేదు. ఒక్క క్షణం అలాగే నిలబడింది. తర్వాత వెనక్కి జారడం మొదలుపెట్టింది. వెనక మిల్లరు ఒక పక్కకు తిరిగి, రోడ్డు దిగువకు మమ్మల్ని లాగుతోంది. ఒక పక్క లోతైన కాలువ. ఆడకూలీలు కేకలు పెట్టారు. అన్న బ్రేకు మీద నిలబడినట్టు తొక్కి, చేతి బ్రేకు గుంజి, "దుంకుండ్రి! చక్రాలకు రాళ్ళు పెట్టుండ్రి!" అని అరిచాడు. దూకినవాళ్ళు దొరికిన రాయి దొరికినట్టు చక్రాల కింద పెట్టారు. మిల్లరు కాలువ అంచున ఆగింది.

భయం దిగకముందే కోపం వచ్చింది. భయపడ్డప్పుడు నేను ఎదుటివాళ్ళ మీద పడతాను, అది నా గుణం.

"ఏం చేసినవ్ బండిని?" అన్నాను.

"క్లచ్చి పట్టుతలేదు చెల్లె. జారుతున్నది."

"క్లచ్చి ఎందుకు జారుతది? నువ్వు ఎడమ కాలు దాని మీదనే పెట్టి తోలుతున్నవ్ గనుక. అక్కడ తొమ్మిదేండ్లు క్లచ్చి లేని బండ్లు తోలినవ్. ఎడమ కాలు యాడ పెట్టాల్నో మర్చిపోయినవ్."

"నేను కాలు పెట్టలె చెల్లె."

"పెట్టకపోతే గిట్ల ఎట్ల కాలుతది? ఎనిమిది మందిని చంపుతుంటివి. తాళం ఇయ్యి."

కూలీలంతా రోడ్డు మీద నిలబడి చూస్తున్నారు. వాళ్ళలో అన్నను మామా అని పిలిచేవాళ్ళున్నారు, బావా అని ఆటపట్టించేవాళ్ళున్నారు. అన్న నా ముఖంలోకి చూశాడు. తర్వాత తాళం తీసి నా అరచేతిలో పెట్టాడు. సీటు కింద నుంచి చెప్పులు తీసుకుని, కింద వేసి, మెల్లగా కాళ్ళు దూర్చాడు. లింగంపేట వైపు నడిచిపోతుంటే ఎడమ కాలు కుంటుతోంది.

"చూడుండ్రి, క్లచ్చి తొక్కి తొక్కి కాలు గూడ వంకర పోయింది" అన్నాను, అతనికి వినపడేలాగే.

ఒక ట్రాక్టరును బతిమాలి మిల్లరును ఆ పల్లెకు చేర్చాను. మూడు గంటలు ఆలస్యం. ఇంటామె మంచినీళ్ళిచ్చి పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఆమె తిట్టి ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది. స్లాబు మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు, పగులు వస్తుంది. దీపాలు పెట్టే వేళకు పూర్తి చేశాం. పని జరుగుతున్నంతసేపూ నాలో నేను అన్నను తిడుతూనే ఉన్నాను.

మర్నాడు చల్లారిన జీపును ట్రాక్టరుకు కట్టి కామారెడ్డి తెచ్చాం. ఉస్తాదు జీపు కింద దూరి, గేరు బాక్సు దింపి, క్లచ్చి ప్లేటు బయటకు తీశాడు. నల్లగా మాడి, నూనెతో జిడ్డుగా ఉంది.

"డ్రైవరు కాలు అమ్మా ఇది. సగం క్లచ్చి మీద తోలితే గిట్లనే అయితది. నూనె బయటికి రాకుంట ఆపే ఈ సీలు గూడ పోయింది, నూనె ప్లేటు మీదికి వచ్చింది. రెండూ మారుస్త" అన్నాడు. తర్వాత గేరు బాక్సును తట్టి, "రంగు మాత్రం మంచిగేసిండ్రు. పెండ్లిపిల్ల లెక్కుంది" అని నవ్వాడు.

నాకు కావలసిన మాట దొరికింది. తప్పు అన్నదేనని, అదీ పెద్ద మెకానిక్ నోటి నుంచి. మా ఆయనకు ఫోను చేసి చెప్పాను. దోమకొండ నుంచి ఒక డ్రైవరును పిలిపించుకున్నాను. లారీ తోలినవాడు, బూట్లేసుకుని ఎక్కేవాడు, నెమ్మదస్తుడు. అన్నకు ఫోను చేయలేదు. అతనూ చేయలేదు.

వారం తర్వాత మా వదిన వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మీ అన్న పాస్‌పోర్టు ఏజెంటుకు ఇచ్చి వచ్చిండు. మళ్ల పోతడట" అంది.

"ఎవరు పొమ్మన్నరు?"

"ఎవరన్నరో నీకే ఎరుక. నేను నిన్ను అడగనీకె రాలె, చెప్పనీకె వచ్చిన. ఇంట్ల గూడ రెండు నీళ్ళ సీసాలు నింపి పెట్టుకొని, వాటినే చూసుకుంట కూసుంటున్నడు పొద్దంత. నోరు తెరిచి మాట్లాడుతలేడు."

నేను తల తిప్పుకున్నాను. పోతే పోనీ అని గట్టిగా అనుకోవాలని చూశాను, కుదరలేదు. అతను వదిలేసిన రెండు సీసాలు జీపులో అలాగే ఉన్నాయి. తీసి పారేయమని కొత్త డ్రైవరుకు చెబుదామని రెండు మూడుసార్లు నోటిదాకా వచ్చి ఆగింది. అయినా తాడ్వాయి మీదుగా పోతూ కూడా ఆ ఇంటి ముందు జీపు ఆపించలేదు. తప్పు చేసినవాడే రావాలి కదా అని నా పంతం.

మూడు వారాలు జీపు చక్కగా నడిచింది. నా కోపం నిజమేనని రోజూ నాకు సాక్ష్యం చెబుతున్నట్టుండేది. డిసెంబరు చివర మళ్ళీ ఎల్లారెడ్డి వైపు పని పడింది. ఆ పొద్దునే వదిన ఫోను చేసింది. సోమవారం హైదరాబాదుకు రమ్మన్నారట, అక్కడి నుంచి అటే. ఆ రోజు గురువారం.

చలి కొరుకుతోంది, కూలీలు చెవులకు తువ్వాళ్ళు చుట్టుకున్నారు. లింగంపేట దాటి అదే ఎత్తు ఎక్కుతున్నాం. అదే వాసన వచ్చింది.

ముందు నేను చూసింది పొగను కాదు, డ్రైవరు ఎడమ కాలును. బూటు క్లచ్చికి జానెడు దూరంలో, రేకు మీద ఉంది. కన్నార్పకుండా చూశాను. గేరు మార్చినప్పుడు తొక్కాడు, వదిలాడు, మళ్ళీ రేకు మీద పెట్టాడు. ఎత్తు సగానికి వచ్చాం. ఆ కాలు ఒక్కసారి కూడా క్లచ్చి మీద ఊరికే ఆగలేదు. వాసన మాత్రం పెరుగుతూనే ఉంది.

"ఆపు" అన్నాను.

"ఎత్తు మీద ఆపితే ఎట్లక్కా?"

"ఆపమంటున్న. రాళ్ళు పెట్టుండ్రి."

రాళ్ళు పెట్టారు. నేను రబ్బరు పట్టా ఎత్తి, అన్న సీసా మూత తీసి, రేకు మీద నాలుగు చుక్కలు చల్లాను. దోసెల పెనం మీద చల్లినట్టే చుయ్యిమని ఎగిరిపోయాయి. బయట చూస్తే నోట్లోంచి ఆవిరి వచ్చేంత చలి. డ్రైవరు బూట్లకేసి చూసుకుని, "నాకు తెల్వనే తెల్వలేదక్కా" అన్నాడు.

అప్పటికి నాకు ఒక్క సంగతి తెలిసింది, తప్పు అన్న కాలిది కాదు. మరి ఎవరిదో తెలియదు. తెలియకుండా అన్న దగ్గరికి పోయి ఏమని చెప్పాలి? "డ్రైవరును మార్చినా కాలింది" అంటే, "అయితే ఇద్దరం తోలనీకె రానోళ్ళమే" అని నవ్వి వెళ్ళిపోగలడు. సోమవారానికి మధ్యలో మూడు రోజులే ఉన్నాయి. ఉస్తాదుకు ఫోను చేశాను.

"సాయంత్రం గుంజుకొని రా అమ్మా, చూస్త."

"సాయంత్రానికి చల్లారుతది. పోయినసారి నువ్వు చల్లారిన బండినే చూసినవ్. జరమొచ్చినోన్ని జరం తగ్గినంక చూస్తే ఏం తెలుస్తది? కాలుతున్నప్పుడే చూడు. నీకు దండం పెడ్త, జల్ది రా."

నా గొంతులో ఏం వినిపించిందో, గొణుగుతూనే స్కూటరు మీద బయలుదేరాడు. వచ్చేదాకా వేడి దిగిపోకుండా ఇంజనును తిప్పుతూ ఉండమన్నాడు. మేం అంతకంటే ఎక్కువే చేశాం. మెల్లగా ముందుకూ వెనక్కూ, మిల్లరు బరువుతోనే, ఎత్తు కింద రోడ్డు చదునుగా ఉన్న మేర నడుపుతూ ఉన్నాం. ఏ క్షణాన గేరు బాక్సు పగులుతుందో అని కూలీలు దూరంగా నిలబడ్డారు. ఎల్లారెడ్డిలో ఇంటివాళ్ళు ఫోను మీద ఫోను. ఆ రోజు మొదటిసారి ముహూర్తం పోతే పోనీ అనుకున్నాను.

ఉస్తాదు వచ్చి, గోనెసంచి పరిచి, కిందికి దూరాడు. నేనూ పక్కనే చీర కొంగు బిగించి రోడ్డు మీద పడుకున్నాను. గేరు బాక్సు పక్కన నూనె చూసే నట్టు ఉంటుంది. దానికి పానా వేసి పావు చుట్టు తిప్పాడో లేదో, బుస్సుమని గాలి తన్నింది. దాంతోపాటు కాగిన నూనె తుంపర అతని మోచేతి మీద పడింది. అమ్మనాబూతులు తిడుతూ నట్టు మళ్ళీ బిగించేశాడు.

ఆ చప్పుడు నాకు తెలుసు. రోజూ వంటింట్లో వినే చప్పుడే.

"ఇది కుక్కరు లెక్క బుస కొడుతున్నది గదా" అన్నాను. "కుక్కరుకు విజిలుంటది. దీనికి విజిలు యాడున్నది?"

"విజిలేందమ్మా, ఇది గేరు..." అంటూ ఆగిపోయాడు. కింద పడుకునే నా వైపు తల తిప్పాడు. బయటకు పాకి, జీపులోకి ఎక్కి, రేకు పలకల మరలు విప్పడం మొదలుపెట్టాడు. నేను అతని భుజం మీదుగా చూస్తున్నాను. లోపల గేరు బాక్సు పైకప్పు నల్లగా మెరుస్తోంది. దుమ్ము తుడిచి వేలితో తడిమాడు. ఒక మూల గుండీ అంత బొడిపె తగిలింది. గోరుతో గీకాడు, రాలేదు. స్క్రూడ్రైవరుతో గీకితే పెచ్చు లేచింది. నల్ల రంగు, దాని మీద ఎండిన పసుపు, పసుపు మీద చెరగకుండా ఉన్న కుంకుమ బొట్టు.

ఆ బొట్టు పెట్టిన వేలు నాదే.

"పిన్నీసు ఉంటే ఇయ్యి" అన్నాడు. నా గాజులకున్న పిన్నీసు తీసి ఇచ్చాను. ఆ బొడిపె కిందున్న సన్నటి రంధ్రంలో గుచ్చి తిప్పాడు. సుయ్యిమని చాలాసేపు గాలి వచ్చింది. ఆ గాలి అయిపోయేదాకా ఇద్దరం కదలలేదు.

"లోపల వేడైతే గాలి ఉబ్బుతది. అది పోనీకె ఈ తొవ్వ పెట్టిండ్రు" అన్నాడు ఉస్తాదు. "రంగేసి మూస్తే గాలి ఎటు పోతది? సీలును తన్నుకొని, నూనెను క్లచ్చి ప్లేటు మీదికి తోస్తది. ప్లేటు జారుతది, మాడుతది. నూనె తగ్గిన గేరు బాక్సు ఇంకింత కాలుతది. బరువు లేనప్పుడు గింత వేడి పుట్టదు గనుక మనకు తెల్వలే. మీ అన్న తప్పేం లేదమ్మా. నాది గూడ తప్పే. సీలు ఎందుకు పోయిందో చూడకుంట సీలు మార్చిన."

ఉస్తాదు తన తప్పును రెండు ముక్కల్లో ఒప్పుకున్నాడు. నాకు అన్న మాట గుర్తొచ్చింది. రేకు కాలుతోందన్నాడు, నూనె ఎటో పోతోందన్నాడు, ఉస్తాదుకు చూపిద్దామన్నాడు. మూడు మాటలు చెప్పాడు, మూడింటికీ నేను అతని నోరు మూయించాను. ఆ బొడిపెను మూసినట్టే అతన్నీ మూసేశాను. రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చాను. కూలీలు చూస్తున్నా సిగ్గనిపించలేదు.

నూనె నింపి, ప్లేటు ఎండేదాకా మెల్లగా నడపమని చెప్పి ఉస్తాదు వెళ్ళాడు. ఎల్లారెడ్డి వాళ్ళకు ఫోను చేసి రేపు వస్తామన్నాను. వాళ్ళు ఏమన్నారో ఇప్పుడు గుర్తు లేదు. జీపును తాడ్వాయికి తిప్పించాను. కూలీలను దిగిపోనివ్వలేదు. తాళం గుంజుకున్నప్పుడు ఉన్నవాళ్ళంతా ఉండాలి.

అన్న ఇంటి ముందు గద్దె మీద కూర్చుని ఉన్నాడు, ఎడమ కాలు చిన్న పీట మీద పెట్టి. పక్కన సర్దిన బ్యాగు. జీపును, మిల్లరును, అందులో మనుషులను చూసి లేవబోయాడు.

"కూసో అన్నా" అన్నాను. వీధంతా వినపడేలా అన్నాను. "తప్పు నీది కాదు. దసరాకు రంగేసి గేరు బాక్సు గాలి తొవ్వ మూసింది నేను. బొట్టు గూడ పెట్టిన. నువ్వు చెప్పంగ విననిది నేను. అందరి ముంగట తాళం గుంజుకున్న, అందరి ముంగటనే చెప్తున్న. నువ్వు పోవద్దు. నీ కాళ్ళు మొక్కుత."

మొక్కాలనే వంగాను. పీట మీది కాలు నా చేతికి తగిలింది. అన్న చటుక్కున వెనక్కి తీసుకోబోయాడు, అప్పటికే అరికాలు కనిపించింది. మడమ నుంచి వేళ్ళ దాకా కొత్త చర్మం, ఎర్రగా, పలచగా, అంచుల్లో ఇంకా పెచ్చులు.

"నెల దాటింది" అంది వదిన గడపలో నిలబడి. "బొబ్బలెక్కి పుండయింది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టిండు."

నేను ఆ కాలును వదల్లేదు. క్లచ్చి మీద పెట్టి ఉంటే ఆ కాలు కాలేది కాదు. రేకు మీద పెట్టాడు కాబట్టే కాలింది. అతని మాట నిజమని చెప్పే సాక్ష్యం అతని అరికాల్లోనే ఉంది, దాని మీదే కుంటుతూ నా ముందు నుంచి నడిచిపోయాడు. నేను చూసి వెక్కిరించాను.

"గింత కాలుతుంటే చెప్పులేసుకోక పోయినవా అన్నా?"

"బండ్ల చెప్పులేసుకుంటరా చెల్లె?" అన్నాడు.

ఆ సోమవారం అన్న హైదరాబాదు వెళ్ళలేదు. ఏజెంటు దగ్గరికి నేనూ వదినా పోయి పాస్‌పోర్టు వెనక్కి తెచ్చాం. దోమకొండ డ్రైవరు నవ్వుతూనే తాళం ఇచ్చి తన లారీకి తిరిగి వెళ్ళాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. పోవలసిన మనిషి ఆగాడు, గేరు బాక్సు ఆగలేదు, ఇంకేం కావాలి అనుకున్నాను.

సంక్రాంతి వెళ్ళాక మళ్ళీ ఎల్లారెడ్డి పని. మిల్లరు కట్టి, కూలీలను ఎక్కించి, తాళం రెండు చేతులా అన్నకు ఇచ్చాను. సీటు పక్కన రెండు సీసాలూ నేనే నింపి పెట్టాను. అన్న జీపు దగ్గరికి వచ్చాడు. తలుపు పట్టుకున్నాడు. చెప్పులు విప్పడానికి వంగుతాడని చూస్తున్నాను. ఒక కాలు పైన పెట్టాడు, రెండోది పెట్టాడు, కూర్చున్నాడు. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

"ఇప్పుడు కాలదన్నా. చల్లగున్నది రేకు" అన్నాను.

"ఎరుకనే చెల్లె" అన్నాడు మెల్లగా. బండి స్టార్టు చేశాడు.

2014లో జీపును అమ్మేదాకా అన్నే తోలాడు. ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు, నా మీద ఒక్కసారి కూడా విసుక్కోలేదు. చెప్పులు మాత్రం మళ్ళీ ఎన్నడూ విప్పలేదు. రేకు చల్లగా ఉండేదని నాకు బాగా తెలుసు. ఆ రోజు నుంచి అతని పక్కన నేనే వట్టి కాళ్ళతో కూర్చునేదాన్ని.